హైదరాబాద్ దూరదర్శన్: యాంటెన్నాలు, టేపులు, మిగిలిన బొమ్మలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. దాని చరిత్ర చెప్పేటప్పుడు మొదటి కార్యక్రమాలు, కనబడిన ముఖాలు, పాడిన గొంతులు తలచుకోవడం మనకు అలవాటు. ఈ సాయంత్రం నేను యంత్రాల వైపు నుంచి చెబుతాను. ఏ ఊరికి తెలుగు బొమ్మ అందింది, ఏ ఊరికి అందలేదు, ఏ రికార్డింగు మిగిలింది, ఏది చెరిగిపోయింది అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు యాంటెన్నాల్లోనూ టేపుల్లోనూ ఉంది. ఆ తర్వాత మీ ఇళ్లలో అటకల మీద, బీరువాల్లో ఉన్న పాత క్యాసెట్ల సంగతికి వస్తాను. అసలు నాకు ముఖ్యమైన విషయం అదే.

తెలుగు టెలివిజన్ నేల మీది టవరు కంటే ముందు ఆకాశం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిచింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్లో సెట్లు పెట్టారు. మన వైపు కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వంటి జిల్లాల పల్లెలు ఉన్నాయి. కార్యక్రమాలు తయారుచేసే మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి, మిగతావి ఢిల్లీ, కటక్. పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లు తయారైంది కూడా హైదరాబాద్‌లోనే, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో.

ఆ పల్లె యాంటెన్నా గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అది చాలా తెలివైన వస్తువు. 3 మీటర్ల వెడల్పు పళ్లెం, కోళ్ల గూళ్లకు వాడే తీగవలతో చేసింది. వల కన్నాల్లోంచి సిగ్నల్ జారిపోదా అని అడుగుతారు. ప్రసారం 860 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. కన్నం ఆ పొడవులో పదో వంతు కంటే చిన్నదైతే, అంటే మూడున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే, తరంగానికి అది గట్టి రేకుతో సమానం. వల కాబట్టి బరువు తక్కువ, గాలి తోయదు, వాన నీళ్లు నిలవవు. ఉపగ్రహం 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది. అందుకని మన ప్రాంతంలో పళ్లెం పడమటి వైపు, కొద్దిగా దక్షిణానికి తిరిగి, దాదాపు 37 డిగ్రీల ఎత్తుకు చూసేది. ఆ సైజు పళ్లేనికి, ఆ తరంగానికి చూపు వెడల్పు 8 డిగ్రీల దాకా వస్తుంది. బిగించేవాడి చెయ్యి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. పల్లెలో పెట్టి వదిలేసే పరికరానికి అంతకంటే ఏం కావాలి?

తర్వాత మన సొంత ఉపగ్రహాలైన ఇన్సాట్‌ల కాలంలో, 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే సామూహిక సెట్లకు ఈ సుఖం లేదు. తరంగం 12 సెంటీమీటర్లకు తగ్గింది, పళ్లెం 3.66 మీటర్లకు పెరిగింది, చూపు రెండుంపావు డిగ్రీలకు ముడుచుకుపోయింది. పెద్ద గాలివానకు ఒక బోల్టు వదులైతే చాలు, తెర నిండా చుక్కలే.

సైట్‌లో ఇంకో కట్టడి ఉండేది. రోజుకు 4 గంటల ప్రసారం, పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకు. పొద్దుటి గంటన్నరను నాలుగు భాషలు పంచుకోవాలి, ఒక్కో భాషకు దాదాపు 22 నిమిషాలు. పైగా ఒకే బొమ్మతో రెండు ధ్వని మార్గాలు పంపే వీలుండేది కాబట్టి, తెలుగు, కన్నడ పల్లెలు ఒకే బొమ్మ చూస్తూ ఎవరి మాట వాళ్లు వినగలిగేవి. ఒకే బొమ్మకు రెండు భాషలంటే పెదవుల కదలిక కనబడే సంభాషణ తగ్గించాలి, వెనకనుంచి చెప్పే వ్యాఖ్యానం పెంచాలి. పొలం, చెయ్యి, పనిముట్టు తెర మీద, గొంతు వెనక.

ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. అలవాటైన పల్లెలకు కార్యక్రమాలు ఆగకూడదని కొన్ని చోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టాలని నిర్ణయించారు. జైపూర్, గుల్బర్గా, రాయపూర్, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్‌లతో పాటు హైదరాబాద్ ఆ జాబితాలోది. అంటే రామంతాపూర్‌లో ఉన్న మన హైదరాబాద్ కేంద్రం నగరవాసుల వినోదం కోసం పుట్టింది కాదు. పల్లె ప్రయోగానికి కొనసాగింపుగా పుట్టింది. పొలాల కార్యక్రమాలకు, బడి పాఠాలకు మొదటి ఏళ్లలో అంత చోటు ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేల మీది ప్రసారానికి హద్దు ఉంటుంది. లెక్క తేలిక: టవరు ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి, ఇంటి యాంటెన్నా ఎత్తుకూ అలాగే కట్టండి, రెండూ కలిపి 4.12తో గుణించండి. కిలోమీటర్లలో దూరం వస్తుంది. ఉదాహరణకు 100 మీటర్ల టవరు, 10 మీటర్ల గొట్టం మీద ఇంటి యాంటెన్నా అయితే 54 కిలోమీటర్లు. ఆపైన బొమ్మ పడుతూ లేస్తూ ఉంటుంది. వరంగల్ దాదాపు 140 కిలోమీటర్లు, కర్నూలు సూటిగా దాదాపు 180. కాబట్టి 1977లో 'రాష్ట్రానికి టీవీ వచ్చింది' అన్న మాటకు అర్థం హైదరాబాద్, దాని చుట్టుపక్కల అనే.

మిగతా ఊళ్లకు టీవీ వచ్చింది 1984 ప్రాంతంలో. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. ఆ తర్వాత దేశమంతా 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు వేగంగా పెట్టుకుంటూ పోయారు. ఊళ్లో ఒక పళ్లెం, ఒక రిసీవరు, ఒక చిన్న ట్రాన్స్‌మిటరు. 15 నుంచి 25 కిలోమీటర్ల మేర బొమ్మ. అయితే ఆ పళ్లెం పట్టుకున్నది ఢిల్లీ నుంచి ఉపగ్రహానికి వెళ్లిన బొమ్మను. రామంతాపూర్‌లో తయారైన తెలుగు కార్యక్రమానికి ఆ ఊరికి వెళ్లే దారే లేదు. కోస్తాలో, సీమలో ఎన్నో పట్టణాల్లో టీవీ మొదట హిందీలో, ఇంగ్లిష్‌లో మాట్లాడింది ఇందుకే. హైదరాబాద్ నుంచి ఉపగ్రహం మీదుగా రాష్ట్రం మొత్తానికి తెలుగు ప్రసారం అందే ఏర్పాటు తర్వాతి ఏళ్లలో వచ్చింది. 'మా ఊళ్లో టీవీ ఎప్పుడొచ్చింది' అని పెద్దవాళ్లను అడిగేటప్పుడు 'తెలుగు ఎప్పుడొచ్చింది' అని విడిగా అడగండి. రెండు జవాబులూ వేరుగా ఉంటాయి.

ఇళ్ల మీద యాంటెన్నా తిప్పే పని మీలో చాలామందికి గుర్తుంటుంది. పక్కన నీడబొమ్మ ఎందుకు పడేదో చెబుతాను. సిగ్నల్ సూటిగా ఒకసారి, గుట్టకో పెద్ద భవనానికో తగిలి ఇంకోసారి వస్తుంది. రెండో దారి 300 మీటర్లు ఎక్కువైతే అది ఒక మైక్రోసెకను ఆలస్యం. తెర మీద ఒక గీత పూర్తిగా గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద నీడబొమ్మ ముప్పావు సెంటీమీటరు పక్కకు పడుతుంది. పాత ఇంటి రికార్డింగుల్లో ఈ నీడను కొలిస్తే, అది ఎంత దూరపు గుట్టనుంచి తిరిగొచ్చిందో లెక్కగట్టవచ్చు.

ఇక కేంద్రం లోపలికి వెళ్దాం.

తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలయ్యాయి. కేంద్రం పెట్టిన ఆరేళ్లకు. తొలి న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ గారు. అప్పట్లో టెలిప్రాంప్టరు, అంటే కెమెరా ముందు వార్త అక్షరాలు చూపే పరికరం, లేదు. రాసిన కాగితం చదివి జ్ఞాపకం పెట్టుకుని, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ప్రాంప్టరు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. చివరి నిమిషంలో వార్త మారితే చదివే మనిషి బుర్రలో మార్చాలి. వాక్యాలు పొట్టిగా ఉండాలి, అంకెలు తక్కువగా ఉండాలి, క్రియ మరీ చివరిదాకా వేలాడకూడదు. మనం ఇవాళ 'టీవీ తెలుగు' అనే భాష రూపం దిద్దుకున్నది ఇలాంటి ఇబ్బందుల్లోనే అని నా నమ్మకం.

వార్తల బొమ్మ ఆ కాలంలో 16 ఎంఎం ఫిల్ము. 100 అడుగుల చుట్ట, సెకనుకు 25 ఫ్రేములకు 2 నిమిషాల 40 సెకన్లు వస్తుంది. వాడేది రివర్సల్ ఫిల్ము, అంటే కడగగానే నేరుగా పాజిటివ్ వస్తుంది, విడిగా ప్రింటు వేయక్కర్లేదు. వార్తకు సమయం కలిసొస్తుంది. దానికి చెల్లించే మూల్యం, ఉన్నది ఒక్కటే ప్రతి. దాన్నే కత్తిరించి, అతికించి, టెలిసినీలో, అంటే ఫిల్మును టీవీ బొమ్మగా మార్చే యంత్రంలో, వేస్తారు. అతుకు ఊడితే ప్రసారం మధ్యలో బొమ్మ ఆగుతుంది. విజయవాడలోనో విశాఖలోనో తీసిన ఫిల్ము ప్రయాణం చేసి హైదరాబాద్ చేరి, కడిగి, ఆరబెట్టి, కోసేసరికి 'నేటి వార్త' నిన్నటిదయ్యేది.

'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న పలక అందరికీ గుర్తే. దాని వెనక సాధారణంగా నాలుగైదు కారణాలుంటాయి. టెలిసినీలో ఫిల్ము తెగడం. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు ఖాళీ. ఢిల్లీ లింకు పడిపోవడం. మార్చిలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొద్ది నిమిషాలు రిసీవరును కమ్మేయడం. అన్నిటికంటే తరచుగా, టేపు యంత్రం వేగం కుదురుకోకముందే దాన్ని ప్రసారంలోకి తీసుకోవడం. టేపు యంత్రం 'ప్లే' నొక్కగానే బొమ్మ ఇవ్వదు. తిరిగే డ్రమ్ము, నడిచే టేపు ఒకదానితో ఒకటి కుదరడానికి 5 నుంచి 10 సెకన్లు కావాలి. అందుకే ప్రతి టేపు మొదట్లో రంగుపట్టీలు, ఒక కిలోహెర్ట్జ్ కూత, తర్వాత వెనక్కి లెక్కపెట్టే గడియారం ఉంటాయి. గడియారం చివరి 3 సెకన్లు నలుపు. ఆ లెక్క తప్పితే పలక పడాల్సిందే.

టేపుల ఖర్చు దగ్గరే అసలు నష్టం మొదలైంది. ప్రపంచమంతటా పెద్ద స్టూడియోల్లో తొలి రికార్డింగులు 2 అంగుళాల టేపు మీద జరిగేవి. టేపు మీద బొమ్మను రాసే, చదివే హెడ్లు నాలుగున్న డ్రమ్ము సెకనుకు 250 సార్లు తిరుగుతుంది, టేపు సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్లు నడుస్తుంది. గంట కార్యక్రమానికి 1,430 మీటర్ల టేపు. 1971లో వచ్చిన యూ-మాటిక్ క్యాసెట్‌లో ముప్పావు అంగుళం వెడల్పు టేపు సెకనుకు 9.53 సెంటీమీటర్లే నడుస్తుంది, గంటకు 343 మీటర్లు సరిపోతుంది. యూ-మాటిక్ రావడంతో ఫిల్ము కడిగే పని పోయింది, కెమెరాతోపాటు రికార్డరు మోసుకెళ్లే వీలొచ్చింది. కానీ అప్పట్లో టేపులు దిగుమతి సరుకు. కాబట్టి ప్రసారం కాగానే చెరిపి మళ్లీ వాడటం టీవీ కేంద్రాల్లో, మన దగ్గరే కాదు విదేశాల్లో కూడా, మామూలు పద్ధతి. పెద్ద అయస్కాంతం మీద క్యాసెట్‌ను తిప్పితే కొన్ని సెకన్లలో గంట కార్యక్రమం పోతుంది.

ఏది చెరిపారు అన్నది గమనించండి. శుక్రవారం సాయంత్రం వచ్చిన సినిమా పాటలు పోయినా ఫరవాలేదు, సినిమాలు వేరే చోట ఉన్నాయి. ఒక రైతుతో పొలంలో జరిపిన ముఖాముఖి, ఒక బుర్రకథ దళం స్టూడియోలో చెప్పిన కథ, ఒక కవి తన గొంతుతో చదివిన పద్యం, ఒక జిల్లా వార్త, ఇవి వేరే ఎక్కడా లేవు. తెలుగు వాళ్ల చరిత్రకు అత్యవసరమైనవే అన్నిటికంటే ముందు చెరిగిపోయాయి. ఈ మాట బాధతోనే అంటున్నాను.

ఇంకో నష్టం నకళ్ల వల్ల. అప్పటి ఎడిటింగ్ అంటే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వరసగా ఎక్కించడమే. మధ్యలో ఒక వార్త 10 సెకన్లు పెరిగితే దాని తర్వాతిదంతా మళ్లీ ఎక్కించాలి, లేదా మొత్తానికి ఇంకో నకలు తీయాలి. యూ-మాటిక్‌లో రంగును తక్కువ పౌనఃపున్యానికి దించి రికార్డు చేస్తారు కాబట్టి నకలుకు నకలు తీసేసరికి రంగు అంచులు దాటి కారుతుంది. 1980ల చివర్లో బీటాక్యామ్ ఎస్‌పీ అనే టేపు పద్ధతి వచ్చి వెలుగును, రంగును వేర్వేరు జాడల్లో రాయడంతో ఈ బాధ తగ్గింది. 1993లో తెలుగుకు ప్రత్యేక ఉపగ్రహ చానెల్ డీడీ-8 రావడం, 1995లో జెమిని, ఈటీవీ రావడం, ఆ తర్వాత డీడీ-8 సప్తగిరి కావడం, 2014లో రాష్ట్ర విభజనతో సప్తగిరి విజయవాడకు వెళ్లి హైదరాబాద్‌ది యాదగిరి కావడం మీకు తెలిసినవే. 2021, 2022ల్లో పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా దాదాపుగా మూసేశారు. కప్పు మీది ఆ అల్యూమినియం గొట్టాలకు ఇప్పుడు పని లేదు.

మీ క్యాసెట్లకు వద్దాం.

కేంద్రంలో చెరిపేసిన కార్యక్రమం ఎవరింట్లోనో వీహెచ్ఎస్ మీద ఉండే అవకాశం ఉంది. మేనకోడలు పాడిందనో, ఊరి నాటక సమాజం కనబడిందనో రికార్డు చేసి ఉంటారు. అలాంటి క్యాసెట్ దొరికితే వెంటనే వీసీఆర్‌లో పెట్టకండి. ముందు మూత తెరిచి టేపు అంచులు వెలుతురులో చూడండి. తెల్లటి పొడి, బూజు గీతలు ఉంటే అది యంత్రంలో పెట్టకూడదు, హెడ్లు పాడవడమే కాక తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ బూజు అంటుతుంది. పీల్చడం కూడా మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బూజు లేకపోతే వెన్ను వైపు మూలనున్న చిన్న ప్లాస్టిక్ రెక్క విరగ్గొట్టండి, ఇక పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. యూ-మాటిక్ అయితే అడుగున ఎర్ర బొత్తం ఉంటుంది, దాన్ని తీసేయాలి.

క్యాసెట్‌ను యంత్రమున్న గదిలోనే ఒక రోజు ఉంచండి. తర్వాత చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి ఒకసారి తిప్పండి, ఏళ్ల తరబడి బిగిసిన చుట్ట సమానమవుతుంది. మధ్యలో కీచుమంటే, నెమ్మదిస్తే, ఆపేయండి. టేపు మీది పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి మెత్తబడిన లక్షణమది. 1970లు, 80ల యూ-మాటిక్ టేపుల్లో ఇది ఎక్కువ, వీహెచ్ఎస్‌లో అరుదు. దానికి 50 నుంచి 54 డిగ్రీల మధ్య నిలకడైన వేడిలో ఎనిమిది గంటలో ఇంకా ఎక్కువో ఆరబెట్టే పద్ధతి ఉంది. అది ప్రయోగశాల పొయ్యిలోనే చేయాలి. వంటింటి ఓవెన్ వేడి పది డిగ్రీలు ఊగుతుంది, మైక్రోవేవ్ పెడితే టేపు పోయినట్లే.

హెడ్డు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులూడని తోలుముక్క వాడాలి. తోలును డ్రమ్ముకు ఆనించి పట్టుకుని డ్రమ్మును చేత్తో నెమ్మదిగా తిప్పండి. తోలును పైకీ కిందికీ రుద్దితే హెడ్డు కొన విరుగుతుంది. దూది అసలు వాడకండి, పోగు చిక్కుకుంటుంది.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు అందరూ చేసే తప్పు, చవక యూఎస్‌బీ ముక్క తగిలించి వచ్చినదాన్ని ఎంపీ4 చేసేయడం. పాత టేపు బొమ్మలో గీతల పొడవు స్థిరంగా ఉండదు, చవక పరికరం తట్టుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది, అరగంటకు మాట, పెదవి విడిపోతాయి. ఆ గీతలను సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం మధ్యలో ఉండాలి. వెలుగును, రంగును విడిగా పంపే ఎస్-వీడియో తీగ వాడండి. సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్ (గీత విడిచి గీతగా రెండు సగాల్లో ఫ్రేము వచ్చే తీరు) అలాగే ఉంచండి, నునుపు చేయకండి. కుదింపు లేకుండా దాస్తే గంటకు దాదాపు 100 జీబీ అవుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1 అనే నష్టం లేని పద్ధతిలో దాస్తే అందులో సగమో ఇంకా తక్కువో. చూసుకోవడానికి ఎంపీ4 విడిగా చేసుకోండి. అసలు ఫైలు రెండు చోట్ల ఉంచండి, క్యాసెట్‌ను పారేయకండి. రేపు ఇంతకంటే మంచి యంత్రంతో మళ్లీ తీయొచ్చు.

ఇంకో విన్నపం. ప్రకటనలు, అనౌన్సరు మాటలు, గడియారం, అంతరాయం పలక, ఏదీ కత్తిరించకండి. కార్యక్రమం తేదీ చెప్పేవి అవే. నలుపు-తెలుపు బొమ్మ కనబడగానే 1982కు ముందుదని రాసేయకండి. రంగు ప్రసారాలు మొదలయ్యాక కూడా నలుపు-తెలుపులో చిత్రీకరించినవి వచ్చేవి.

(సభలో ఒకరు: వీసీఆర్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ?)

కొత్తవి దొరకవండీ, చివరి తయారీ 2016లో ఆగిపోయింది. పాతవే వెతుక్కోవాలి. కొనేముందు ఒక పనికిరాని క్యాసెట్ తీసుకెళ్లి మూడు పరీక్షలు చేయండి. క్యాసెట్ లోపలికి తీసుకుని బయటికి ఇస్తుందా, ఇవ్వకపోతే రబ్బరు బెల్టు సాగిపోయినట్టు, దాన్ని మార్చవచ్చు. పది నిమిషాలు ఆడించి తీశాక టేపు అంచు నలిగిందా చూడండి, నలిగితే టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం గట్టిపడింది, అదీ మార్చవచ్చు. ట్రాకింగ్ (హెడ్డును టేపు జాడకు కుదిర్చే మీట) తిప్పినా, హెడ్డు తుడిచినా చుక్కలు పోకపోతే హెడ్డు అరిగిపోయింది, ఆ యంత్రాన్ని విడిభాగాల కోసం తప్ప కొనకండి.

(మరొకరు: మా నాన్నగారి క్యాసెట్ల మీద ఏమీ రాసి లేదు. పెట్టె నిండా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?)

చెరిపేందుకు వీల్లేకుండా రెక్క ముందే విరగ్గొట్టి ఉన్న క్యాసెట్లు మొదట తీయండి. దాచుకోవాలని ఆయన అనుకున్నవి అవి. ఒక్కోదానికి వరస సంఖ్య వేసి, కాగితం చీటీ పెట్టె మీద అంటించండి, క్యాసెట్ కిటికీ మీద వద్దు, జిగురు లోపలికి కారుతుంది. ఎక్కించేదాకా నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే చుట్ట ఒక పక్కకు జారుతుంది. స్పీకర్లకు, ఇన్వర్టరుకు, వంటింటి గోడకు దూరంగా పెట్టండి. వానాకాలం లోపు చూడటం మొదలుపెట్టండి.